ముందు సీటు

ఫిబ్రవరి 8, ఆదివారం

చెప్పేశాను. ఉదయగిరిలో ఆరాధన అయ్యాక, అత్తావాళ్ళింట్లో భోజనాల దగ్గర, అందరి ముందే చెప్పేశాను. ఎండాకాలం సెలవుల్లో నేనూ సారా కౌలాలంపూర్ వెళ్తున్నాం.

ప్రేమానందం బావ కూర గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అత్త మాత్రం ముద్ద మింగి, నీళ్ళు తాగి, అప్పుడు అడిగింది.

"అదేడుండాది?"

"మలేషియాలో అత్తా."

"ఆడ మనోళ్ళెవురుండారు?"

"ఎవరూ లేరు. ఊరికే చూసొద్దామని."

"ఊరికేనా!"

ఆ మాట అత్త అన్న తీరు చూస్తే నేనేదో దొంగతనం ఒప్పుకున్నట్టుంది. మా వైపు ఊరికే ఎవరూ దేశం దాటరు. కువైట్‌కి పనికి పోతారు. రిటైరైనవాళ్ళు యెరూషలేము పోయి, సీసాల్లో యొర్దాను నీళ్ళు తెచ్చి వీధంతా పంచుతారు. ఊరికే పోయినవాళ్ళు నాకు తెలిసి లేరు. సరే, నేనే మొదటిదాన్ని.

"మొగుడు పోయి ఏడాది తిరగలా, షికారంట! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంది అత్త.

"అవునత్తా, ఆ దారికే టికెట్ తీసుకున్నాను" అన్నాను.

బావ తేదీలు అడిగాడు. మే పదహారున బయల్దేరి ఇరవై ఒకటిన వస్తామన్నాను. అప్పుడు నిజంగానే అందరి చేతులూ ఆగిపోయాయి. పద్దెనిమిది మా ఆయన హెన్రీ పోయిన రోజు. తమ్ముడి జ్ఞాపకార్థ కూడికకు బావ అప్పుడే పాస్టరు అయ్యగారితో మాట్లాడాడట, సమాధికి నల్లరాయి కూడా చెప్పాడట. నాకెవరూ చెప్పలేదు. నేనూ వాళ్ళకు చెప్పలేదు కాబట్టి చెల్లుకు చెల్లు.

ఇంత గొడవలోనూ సారా మాత్రం ఖాళీ కంచాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎడమకూ కుడికీ తిప్పుతూ, నోటితో హారన్ కొడుతూనే ఉంది. ఆర్టీసీ డ్రైవర్ కూతురు మరి.

ఫిబ్రవరి 9

సెలవుల్లో ఆ తేదీలకే టికెట్లు కుదిరాయి. అంతే. అందులో ఇంకేమీ లేదు.

ఫిబ్రవరి 13

మేము గవర్నమెంటు టీచర్లం, దేశం దాటాలంటే డిపార్టుమెంటు పర్మిషన్ కావాలి. అర్జీ మీద సంతకం పెట్టమని మా అనంతసాగరం స్కూల్లో హెడ్మాస్టర్ నారాయణయ్య సార్ దగ్గరికి వెళ్ళాను. కారణం అన్నచోట "విహారం" అని రాశాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"తీర్థయాత్ర అని రాయకూడదా అమ్మా? చూసేవాళ్ళకు బాగుంటాది."

"చూసేవాళ్ళను తీసుకుపోవడం లేదు సార్" అన్నాను.

నవ్వి సంతకం పెట్టారు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఇవాళ ఉదయగిరి వెళ్ళలేదు. ఇక్కడ మా ఆత్మకూరు గుడికే వెళ్ళి, వచ్చి, సారా నేనూ చాప మీద పడుకుని ఫోన్లో వీడియోలు చూశాం.

చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు రోజుకు ఒక్కటే చూడాలట. మధ్యాహ్నం గదికి వచ్చి నిద్రపుచ్చాలట. స్టేషన్ పక్కనే హోటల్ తీసుకోవాలట. నేను జంట టవర్లు అన్నాను. సారా రైలంది. పక్షుల పార్కు అన్నాను. రైలంది. చేపల అద్దాల గది అన్నాను. "ఆ రోజు కూడా రైలెక్కే పోతాము గదా?" అంది. పోనీ, నా పని తగ్గింది.

ఆ రైలు సంగతి దీని బుర్రలో పెట్టింది హెన్రీయే. పోయిన ఏడాది ఇదే చాప మీద, డ్యూటీ దిగొచ్చి ఖాకీ చొక్కా కూడా విప్పకుండా చూపించాడు. కౌలాలంపూర్లో డ్రైవర్ లేని రైలు. ముందంతా అద్దమే. డ్రైవర్ ఉండాల్సిన చోట మనమే కూర్చోవచ్చు. "మా ఉద్యోగాలు ఊడిపోతాయే కృపా" అని తెగ నవ్వాడు. దాన్ని తీసుకుపోతానని మాటేమీ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే అందరికీ చెప్పుకోవడానికి నాకు ఒక సాకు ఉండేది. తర్వాత మేలో జ్వరం వచ్చింది. ఆ జ్వరం గురించి ఇక్కడ రాయను.

ఇవాళ సారా అడిగింది. "డ్రైవర్ లేకపోయినా బండి పోతాదా అమ్మా?"

"పోతుంది" అన్నాను. "చూపిస్తాను రా."

మార్చి 3

నెల్లూరు పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్ళాం. బస్సెక్కగానే డ్రైవర్ గుర్తుపట్టాడు. "హెన్రీ కూతురు గదా! రామ్మా, ముందుకు రా" అని దీన్ని గేరు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సంగం బ్యారేజీ దాటేదాకా ఇది వెనక్కి తిరిగి నన్ను చూడలేదు.

కండక్టర్ "రైట్ రైట్" అన్నప్పుడల్లా నేను కిటికీ బయటికి చూశాను. మా స్కూటర్ మీద కూడా హెన్రీ అంతే. వెనక నేను సర్దుకుని "రైట్" అనేదాకా కిక్ కొట్టేవాడు కాదు. స్టాండు పక్కన అందరూ చూస్తుంటే నాకు సిగ్గు. "చెప్పకపోతే బండి కదలదు మేడం" అనేవాడు. సారా ముందు నిలబడి "చెప్పు అమ్మా, రైట్ చెప్పు" అని అరిచేది. పోయిన మే నుంచి ఆ మాట నా నోట రాలేదు. రావలసిన అవసరమూ లేదు, ఆటోలో పోతున్నాం.

పాస్‌పోర్టు పని కాలేదు. నాది అయింది, దానిది కాలేదు. కుర్చీలో కూర్చోబెట్టి కెమెరా తిప్పగానే సారా కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి గుండెల మీద పెట్టుకుని, ప్రార్థనలో ఉన్నట్టు, కదలకుండా కూర్చుంది. కౌంటర్లో అమ్మాయి పాపం ఎంతో ఓపిగ్గా ప్రయత్నించింది. చాక్లెట్ ఇచ్చింది. పిల్లి అరుపు అరిచింది. కెమెరా అటు తిప్పితే కళ్ళు తెరుస్తుంది, ఇటు తిప్పితే మూస్తుంది. నేను కోప్పడ్డాను. బతిమాలాను. మళ్ళీ కోప్పడ్డాను.

"ఇంకో రోజు తీసుకురండి మేడం" అంది ఆ అమ్మాయి.

మార్చి 4

ఏం ఫర్వాలేదు. చిన్నపిల్ల. భయపడింది.

మార్చి 8, ఆదివారం

భయం కాదు. బస్టాండు దగ్గర పెంచలప్రసాద్ స్టూడియోకి తీసుకెళ్ళాను. ఆయన దీనికి కొత్త కాదు, బారసాల దగ్గర్నుంచీ మా ఇంటి ఫోటోలన్నీ ఆయనవే. హెన్రీ పెట్టె దగ్గర ఫోటో తీసింది కూడా ఆయనే. మాలో అది ఆచారం. సమాధికి తీసుకుపోయే ముందు పెట్టె చుట్టూ అందరూ నిలబడి ఒక ఫోటో. రాలేకపోయినవాళ్ళకు పంపడానికి. మా ఇంట్లో ఆ ఫోటో బీరువాలో బట్టల కింద ఉంది.

అక్కడా అంతే. స్టూలు మీద కూర్చుంది, ఆయన కెమెరా ఎత్తాడు, ఇది చేతులు గుండెల మీద పెట్టుకుంది, కళ్ళు మూసింది.

ఇంటికొచ్చి ఫోన్లో పాతవి తీశాను. ఆగస్టులో పుట్టినరోజు. కేకు ముందు కళ్ళు మూసుకునే ఉంది. క్రిస్మస్‌కి దేవదూత బట్టల్లో కళ్ళు మూసుకునే ఉంది. అప్పుడు చూసి మురిసిపోయాను కూడా, ఎంత భక్తో అని. అంతకు ముందువి తీశాను. హెన్రీ భుజాల మీద, సోమశిల డ్యామ్ దగ్గర, కళ్ళు ఇంతింత చేసుకుని నాలుక బయటపెట్టి ఉంది.

మార్చి 15, ఆదివారం

పాస్‌పోర్టు ఆగిందని అత్తకు ఎలా తెలిసిందో తెలిసింది.

"దేవుడే వొద్దంటన్నాడు. బిడ్డ కళ్ళు మూపిచ్చినాడు, నువ్వన్నా తెరువు."

"దేవుడికి వేరే పనుంది అత్తా" అన్నాను.

తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. కూర మాత్రం గిన్నెలో పెట్టి ఇచ్చింది.

దేవుడు వద్దనలేదు. అయినా దారిలో ఆటోలో ఒకసారి ఆయన్నే అడిగాను, ఆపింది నువ్వేనా అని.

మార్చి 19

ఉగాది సెలవు. పక్కింటివాళ్ళు పచ్చడి తెచ్చిచ్చారు. నేను బియ్యం ఏరుకుంటుంటే, సారా తన స్కూలు బూట్ల అట్టపెట్టెలో బొమ్మను పడుకోబెట్టి ఆడుకుంటోంది. బొమ్మ చేతులు రెండూ గుండెల మీద పెట్టింది. ఆ బొమ్మ పడుకోబెడితే కళ్ళు మూసుకునే రకం.

"కదలబాక. ఫోటో తీస్తన్నా" అంటోంది దానితో. "కళ్ళు తెరిస్తే పాడయిపోతాది. నాన్న మాదిరి ఉండాల."

బియ్యం చేట కింద పెట్టి అడిగాను. "అట్లా ఉండాలని ఎవరు చెప్పారు?"

"పెదనాన్న. పెట్టె కాడ."

"ఏమన్నాడు?"

"నేను అటూ ఇటూ కదిలినా. అందుకని, నాన్న చూడు ఎంత బుద్ధిగా ఉండాడో, ఫోటోకి అట్టా ఉండాల అన్నాడు."

అట్టపెట్టె మూత చేతిలో పట్టుకుని, నా వైపు చూడకుండానే, మళ్ళీ అడిగింది.

"ఫోటో అయిపోయినాక నేను లేస్తాను గదా. నాన్న యెందుకు లేవలా?"

పది నెలలుగా ఇది ఇంట్లో నా పక్కనే పడుకుంటోంది. ఈ ప్రశ్న కూడా పక్కనే పడుకుంటోంది.

ఒళ్ళోకి తీసుకుని చెప్పాను. నాన్న ఫోటో కోసం పడుకోలేదు. జ్వరం వచ్చి చనిపోయాడు. చనిపోయినవాళ్ళు కదలలేరు, కళ్ళు తెరవలేరు. ఆయన చేతిలో లేదు. నువ్వు అలా ఉండక్కర్లేదు. నేను ఏడవకుండా చెప్పాననుకుంటున్నాను, కానీ సారా తన గౌను అంచుతో నా ముఖం తుడిచింది.

"సరే" అంది. సాయంత్రం ఊరికే ఫోన్ ఎత్తి చూశాను. చేతులు గుండెల మీదికి వెళ్ళాయి. కళ్ళు మూసుకుంది. చెప్పినంత మాత్రాన పోతుందా?

మార్చి 20

బావకు ఫోన్ చేసి తిట్టాలి. ఆ రోజు ఆయన కూడా తమ్ముడి కాళ్ళు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. అయినా తిట్టాలి.

చెయ్యలేదు.

మార్చి 22, ఆదివారం

గుడి ఎగ్గొట్టాను. సారాను తీసుకుని పెంచలప్రసాద్ స్టూడియో తెరవగానే వెళ్ళాను.

"అన్నా, ఇది ఎగురుతుంటే తియ్యి."

"అట్టా తీస్తే మొహం తెలీదు కృపమ్మా. అంతా చెదిరిపోతాది."

"చెదిరిపోనీ."

సారా నా ముఖం చూసింది. "కదలొచ్చా?"

"ఎంత కావాలంటే అంత కదులు."

నమ్మలేదు. అందుకని నేనే ముందు ఎగిరాను. చీరలో, టీచరమ్మను, ముప్పై నాలుగేళ్ళదాన్ని, బస్టాండు ముందు అద్దాల తలుపు వెనక ఎగిరాను. పిన్నీసు ఊడింది. బయట సోడాబండి దగ్గరివాళ్ళు చూశారు. చూడనీ. అప్పుడు సారా కూడా ఎగిరింది. ఆయన తీస్తూనే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. కంప్యూటర్లో చూపించాడు. దాని రెండు జడలు గాల్లో ఉన్నాయి, నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కళ్ళు మూసుకున్నది నేనే.

సరే, ఇక నెల్లూరులో పాస్‌పోర్టుకు తీసేటట్టు ఒకటి తీసి చూద్దాం అన్నాం. స్టూలెక్కింది. "ఇప్పుడు కదలబాకమ్మా" అన్నాడో లేదో, చేతులు గుండెల మీదికి బయల్దేరాయి.

ఆపమన్నాను. దాని ముందు కూర్చుని అడిగాను. "కదలకుండా, కళ్ళు కూడా మూయకుండా కూర్చునేది ఎవరు చెప్పు?"

ఆలోచించింది. "బల్లి."

పెంచలప్రసాద్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"ఇంకా?"

తెలియదంది. అప్పుడు నాకే తెలిసింది, ఇన్నాళ్ళూ ఎదురుగా ఉన్నా తట్టనిది.

"బద్వేలు రూటులో కొండ దిగేటప్పుడు నాన్న ఎట్లా కూర్చునేవాడు? నువ్వు పక్కనే ఉంటివి గదా."

సారా చేతులు గుండెల మీద నుంచి లేచాయి. ముందుకు వచ్చాయి. గాల్లో గుండ్రంగా, పెద్దగా, స్టీరింగ్ పట్టుకుంది. వీపు నిటారుగా పెట్టింది. కళ్ళు రోడ్డు మీద పెట్టింది. రెప్ప వేయలేదు. హెన్రీ ముఖం అది. వంపు దాటేదాకా ఎవరు పలకరించినా పలకని ముఖం.

లైటు వెలిగింది.

"చేతులు ఫోటోలో రావులే" అన్నాడు పెంచలప్రసాద్.

మార్చి 27

నెల్లూరు. ఒక్కసారికే వచ్చింది. అదే కౌంటర్, అదే అమ్మాయి.

"ఏం నడుపుతున్నావు పాపా?"

"ఆత్మకూరు బస్సు. మాట్లాడించొద్దు" అంది సారా.

ఏప్రిల్ 5, ఈస్టరు

తెల్లవారుజామున ఉదయగిరిలో సమాధుల తోటకు వెళ్ళాం. అందరూ తమ తమ వాళ్ళ దగ్గర కొవ్వొత్తులు వెలిగించారు, పూలు పెట్టారు. హెన్రీకి నల్లరాయి వచ్చేసింది. బాగానే ఉంది. ఆయనకు నలుపు ఇష్టం లేదు, కానీ బాగానే ఉంది.

కొండ మీద ఎండ పడేసరికి బావ తన ప్లాను చెప్పాడు. పద్దెనిమిదిన ఈ రాయి చుట్టూ కుటుంబమంతా నిలబడి ఫోటో. మధ్యలో సారా, చేతిలో వాళ్ళ నాన్న పటం.

"నువ్వు పోతే పో కృపమ్మా, నీ ఇష్టం. బిడ్డనన్నా వొదిలిపెట్టి పో. దాని నాయన కూడిక అది. బిడ్డ లేకుంటే ఎట్టా?"

అప్పుడు చెప్పాను. పెట్టె దగ్గర ఆయన ఏమన్నాడో, బిడ్డ ఏం అర్థం చేసుకుందో, బూట్ల పెట్టెలో బొమ్మ సంగతి, నాన్న ఎందుకు లేవలేదన్న సంగతి. అరవకూడదనుకున్నాను. అరిచాను. పక్క సమాధుల దగ్గరివాళ్ళు పాట ఆపారు.

"దాన్ని మళ్ళీ ఇంకో పెట్టె పక్కన నిలబెట్టను. రాయి పక్కన కూడా నిలబెట్టను. తేదీ కుదిరి పెట్టింది కాదు బావా. కావాలని ఆ రోజే పెట్టాను. ఇలాంటి కూడిక మీరు పోయిన ఏడాదే అనుకుని ఉంటారని నాకు తెలుసు. అందుకే పెట్టాను."

ఇక్కడ కూడా రాసుకుంటున్నాను. కావాలనే పెట్టాను.

బావ పక్క సమాధి గట్టు మీద కూలబడ్డాడు. "ఆ మాట నేనన్నానా? నాకు గేపకం లేదే."

"మీకు లేదు. దానికి ఉంది."

ఆయన ముఖం చూస్తే, పదిహేను రోజులుగా దాచుకున్న తిట్లు నోటికి రాలేదు. సారా వెళ్ళి ఆయన మోకాలి మీద కొవ్వొత్తి మైనం గోకుతూ నిలబడింది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టబోయి, తీసేసుకున్నాడు.

అత్త మాత్రం నా ముఖంలోకే చూసింది. "ఆ దినాన నువ్వు లేకపోవడం తప్పే. నువ్వెన్ని చెప్పినా తప్పే. నాకు కొడుకు పోయినాడు, వాడి పెళ్ళాం షికారు పోయిందంటే నేను మొహం యాడ పెట్టుకునేది?"

"తప్పే అనుకో అత్తా. పోతాను."

ఆమె కొంగు దులుపుకుని లేచింది. గేటు దాకా నడిచి, వెనక్కి తిరగకుండానే కొడుకుతో అంది. "రేయ్ ప్రేమానందం, ఫోటో వొద్దురా. ప్రార్థన చేసి అన్నం పెడితే చాలు."

ఏప్రిల్ 21

పాస్‌పోర్టులు రెండూ వచ్చాయి. దాని ఫోటోలో భుజాలు కొంచెం పైకి లేచి ఉన్నాయి. ఎందుకో తెలిసినవాళ్ళం కొద్దిమందిమే.

మే 10, ఆదివారం

అత్త ఫోన్ చేసింది. తనంతట తాను చేయడం ఇదే మొదలు.

"ఆడ అన్నం దొరకతాదా?"

"దొరుకుతుంది."

"ఏరోప్లేనులో బిడ్డ చెవుల్లో దూది పెట్టు."

"పెడతాను."

"మామిడికాయ పచ్చడి పంపిస్తన్నా. బస్సులో వేసినా, డిపోలో తీసుకో."

పెట్టేసింది. నా మీద కోపం అలాగే ఉంది. పచ్చడి రెండు పొరల మూట కట్టి, చుక్క నూనె కారకుండా వచ్చింది.

మే 15

ఏడవడానికి వెళ్ళడం లేదు. రాసి పెట్టుకుంటున్నాను. షికారుకు వెళ్తున్నాం. ఊరికే.

మే 18, కౌలాలంపూర్

ఉక్క మన కంటే ఎక్కువే. హోటల్ స్టేషన్ పక్కనే. నిన్న మధ్యాహ్నం సారాను పడుకోబెట్టి, లేపి తీసుకెళ్ళేసరికి జంట టవర్లు మూసేశారు. పోనీ, బయట్నుంచి చూశాం.

ఉదయం రైలెక్కాం. ముందు సీట్లో ఒక పెద్దాయన పేపరు చదువుకుంటూ కూర్చుని ఉన్నాడు. సారా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. ఏమీ అడగలేదు, నిలబడింది, అంతే. ఆయన పేపరు దించి చూసి, నవ్వి, లేచి చోటిచ్చాడు.

ఎదురుగా అంతా అద్దమే. పట్టాలు నేరుగా మా కాళ్ళ కిందికి వస్తున్నట్టున్నాయి. డ్రైవర్ లేడు. నిజంగానే లేడు. సారా వెనక్కి తిరిగి ఒకసారి వెతికింది, సీటు కింద కూడా చూసింది. తర్వాత సీటు అంచుకు జరిగి, చేతులు ముందుకు చాపి స్టీరింగ్ పట్టుకుంది.

ఈ పాటికి ఉదయగిరిలో పందిరి కింద అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి ఉంటారు.

తర్వాతి స్టేషన్లో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, జనం దిగారు, ఎక్కారు. సారా పట్టాల మీద నుంచి చూపు తిప్పకుండానే అంది.

"అమ్మా, రైట్ చెప్పు."

"ఇది అదే పోతుందే."

"చెప్పకపోతే బండి కదలదు."

మెల్లగా అన్నాను. నాకే వినపడలేదు.

"డ్రైవర్‌కి వినపడలా" అంది నా కూతురు.

రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాను. నేను అలా అరవగలనని నాకే తెలియదు. పెట్టెలో అందరూ తిరిగి చూశారు. చూడనీ.

"రైట్! రైట్!"

తలుపులు మూసుకున్నాయి. బండి కదిలింది.